తొంభై నాలుగు

ఐసియులో ఒక మంచం ఖాళీ అయిందని కింది అంతస్తు నుంచి ఫోను వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. వార్డులో ఆ మంచం కోసం ఇద్దరున్నారు. హెడ్ సిస్టరు రిసీవరుని చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి, తల తిప్పి రెండు మానిటరు తెరల వైపు చూసింది. నాలుగో నంబరు మంచం మీద రిటైరైన గుమాస్తా, ఆక్సిజన్ తొంభై. పక్కన అయిదో నంబరు మీద తారురోడ్లు వేసే మేస్త్రీ, తొంభై నాలుగు. ఇద్దరికీ ఊపిరితిత్తుల్లో నిమ్మే, ఇద్దరి ముక్కులకీ ఆక్సిజన్ గొట్టాలే.

"గుమాస్తాగారిని పంపిస్తున్నాను," అని ఫోను పెట్టేసింది. అంతా కలిపి అయిదు క్షణాలు పట్టి ఉంటుంది.

రూలు అలాగే ఉంది. ఆక్సిజన్ శాతం తొంభై రెండుకి దిగితే ఐసియు, పైన ఉంటే వార్డు అని పెద్ద డాక్టరు సంతకంతో కౌంటరు వెనక గోడకి కాగితం అంటించి ఉంది. కొత్త మానిటర్లు వచ్చాక వచ్చిన రూలు అది. రెండు నెలల కిందటి దాకా వార్డు మొత్తానికి ఒకటే మెషిన్, వీధి కుళాయిలా అందరిదీ, ఎవరిదీ కాదు. ఇప్పుడు మంచానికొకటి. బట్టలకి పెట్టే క్లిప్పులాంటిది వేలికి తగిలిస్తే చాలు, లోపల ఎర్రగా వెలుగుతుంది, తెర మీద అంకె వస్తుంది. సిస్టర్లకి సగం నడక తగ్గింది. కౌంటరు దగ్గర కూర్చునే అందరి ప్రాణాలూ చూడొచ్చని చిన్న సిస్టర్లు నవ్వుకునేవాళ్ళు.

మేస్త్రీ మొదట్నుంచీ కబుర్ల మనిషి. వచ్చిన రోజే వార్డులో అందరికీ బావ అయిపోయాడు. "నా రంగు నేను వేసిన రోడ్డే పూసింది సిస్టరమ్మా, పుట్టినప్పుడు నేను మా గుమాస్తాగారిలాగే ఉండేవాణ్ణి," అని పక్క మంచం మీది పచ్చటి ముసలాయన్ని చూపిస్తే, ఆయన దగ్గుతూనే నవ్వాడు. అందుకే ఆ మధ్యాహ్నం మేస్త్రీ, "ఊపిరి ఆడటం లేదు సిస్టరమ్మా," అన్నప్పుడు ఆమె పెద్దగా కంగారుపడలేదు. గొట్టం సరిచేసి, తలకింద ఇంకో దిండు పెట్టింది.

మూడింటికి మళ్ళీ అన్నాడు. ఈసారి కబుర్లేమీ కలపలేదు. మంచం అంచు రెండు చేతులతో పట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. ఆమె తెర స్టాండుని అతని వైపు తిప్పింది.

"ఇదిగో, నువ్వే చూడు మేస్త్రీ. తొంభై నాలుగు. పరీక్షలో ఇన్ని మార్కులు నాకెప్పుడూ రాలేదు."

అతను ఆ అంకెని చాలాసేపు చూశాడు. "మరి నాకెందుకు ఇలా ఉంది?" అన్నాడు.

"భయానికి. భయపడితే ఛాతీ పట్టేస్తుంది. మెల్లగా పీల్చు."

నాలుగున్నరకి మూడోసారి అన్నాడు. అప్పుడు భార్య విసుక్కుంది. రెండు రోజులుగా ఆవిడ మంచం పక్క స్టూలు మీదే ఉంది, కళ్ళు పీక్కుపోయాయి. "అంకె బాగుందని సిస్టరమ్మ చూపించిందిగా! ఊరికే గోల చేస్తావేం? ఆవిడకి నువ్వొక్కడివేనా? అసలు జబ్బు పడ్డవాళ్ళు నోరెత్తడం లేదు." చుట్టుపక్కల మంచాల వాళ్ళు విన్నారు. సిస్టరు చిన్నగా నవ్వింది, ఆ నవ్వు ఆవిడ మాటని బలపరచడానికే. మేస్త్రీ గోడవైపు తిరిగాడు.

అయిదున్నరకి నాలుగోసారి అన్నాడు. కానీ సిస్టరుతో కాదు, గోడతో. పక్క మంచం వాళ్ళు విని తర్వాత చెప్పారు.

పొద్దు వాలుతుండగా ఆరింటికి తెర గీ పెట్టింది. ఆమె పరుగెత్తింది. చిన్న డాక్టరు వచ్చాడు. గుండె మీద నొక్కారు, సూది వేశారు, నొక్కారు. ఆరూ నలభైకి డాక్టరు చేతులు వెనక్కి తీసుకుని గడియారం వైపు చూశాడు. అతని వేలి నుంచి క్లిప్పు తీసి పక్క మీద పెట్టింది ఆమే. అది తెల్లటి దుప్పటి మీద నోరు తెరుచుకుని ఎర్రగా వెలుగుతూనే ఉంది. వేలి కోసం వెతుకుతున్నట్టు తెర మీద ఒకే మాట వచ్చిపోతోంది: సెన్సరు చూడండి, సెన్సరు చూడండి.

*

మర్నాడు పొద్దున్న ఫైలు మూసేటప్పుడు కనిపించింది ఆ కాగితం.

చనిపోయినవాళ్ళ ఫైలుకి ఒక వరస ఉంటుంది. కేసు షీటు పైన, దాని కింద ఛార్టులు, ఆ కింద మందుల పట్టీ, చివర ల్యాబు కాగితాలు. కౌంటరు మీది ప్లాస్టిక్ ట్రేలోంచి అతని ల్యాబు కాగితాలు ఏరుతుంటే ఒకటి చేతికి వచ్చింది. మణికట్టు దగ్గర ధమనిలోంచి తీసిన రక్తం, ఆక్సిజన్‌కి అసలు లెక్క అదే. తీసిన టైము పన్నెండూ పది. వార్డుకి చేరినట్టు ముద్ర, రెండూ ఇరవై. ఆక్సిజన్ శాతం, ఎనభై ఆరు.

ఆమె తేదీ చూసింది. పేరు చూసింది. మంచం నంబరు చూసింది. అప్పుడు ఛార్టు తీసి పన్నెండు గంటల వరసలో వేలు పెట్టింది. తన చేతిరాతే. తొంభై నాలుగు.

మూడింటికి ఆమె తెర తిప్పి చూపించేటప్పటికి ఆ కాగితం ట్రేలో ఉంది. పది అడుగుల దూరంలో. తెర మీద అంకె కళ్ళెదుట కదులుతూ ఉంటే ట్రేలో కాగితాల కోసం ఎవరు తొందరపడతారు? సాయంత్రం రౌండ్సులో డాక్టరు చూస్తాడు, అంతే.

దాని పక్క గడిలో ఇంకొకటి కనిపించింది. నిమిషానికి ఎన్ని ఊపిరులు అన్నచోట పొద్దున్నుంచీ గంటగంటకీ ఒకే అంకె. ఇరవై, ఇరవై, ఇరవై. ఎవరూ లెక్కపెట్టలేదు. వాచీ పట్టుకుని ఒక నిమిషం పూర్తిగా ఛాతీని చూస్తూ నిలబడటం ఎప్పుడో మానేశారు. అన్ని ఫైళ్ళలోనూ ఇరవయ్యే ఉంటుంది. ఆ ఇరవైల్లో మూడు ఆమె రాసినవే.

చిన్న డాక్టరుకి చూపించింది. అతను కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూసి, "శాంపిలు తప్పయి ఉంటుంది సిస్టర్. ధమని దొరక్క పక్కన సిరలోంచి వచ్చిందేమో. అలా అయితే తక్కువే చూపిస్తుంది," అన్నాడు.

"రక్తం తీసింది మీరే కదా సర్."

అతను కాగితం తిరిగి ఇచ్చాడు.

పదింటికి అయిదో నంబరు మంచం మీదికి కొత్త మనిషిని తెచ్చారు. క్లిప్పు తగిలించడానికి వంగి, అతని వేలు పట్టుకుని ఆమె అలాగే ఉండిపోయింది. చిన్న సిస్టరు చూసి, "నేను పెడతాలెండక్కా," అని క్లిప్పు తీసుకుంది.

*

మెషిన్లు బాగుచేసే ఆయన్ని ఆస్పత్రిలో అందరూ తీగల మాస్టారు అంటారు. మేడ కింద జనరేటరు పక్కన ఆయన గది. బల్ల నిండా విప్పిన మెషిన్లు, కత్తిరించిన తీగలు, మూతలేని స్క్రూల డబ్బాలు. ఆమె వెళ్ళేసరికి అయిదో నంబరు మానిటరు వెనక మూత విప్పి ఉంది. పొద్దున్న ఆమే దాన్ని పంపి, ఆ మంచానికి స్టోరులోది ఇంకొకటి పెట్టించింది.

"నాలుగు క్లిప్పులు మార్చి చూశానమ్మా. దీంట్లో ఏ లోపమూ లేదు," అన్నాడు.

ఆమె బల్ల మీది క్లిప్పు తీసి తన వేలికి పెట్టుకుంది. తొంభై ఎనిమిది. ఊపిరి బిగబట్టింది. చెవుల్లో గుండె కొట్టుకునేదాకా బిగబట్టి, ఇక ఆగలేక వదిలేసింది. తొంభై ఏడు. తర్వాత ఆయన వేలికి పెట్టింది. ఆయనది ఆమెకన్నా నాలుగు ఛాయలు తెలుపు. అక్కడా తొంభై ఎనిమిదే.

"ఇద్దరికీ ఒకటే చెబుతోంది మాస్టారూ."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. "మనం బాగున్నాం కదమ్మా. బాగున్నప్పుడు అందరి దగ్గరా నిజమే చెబుతుంది. పడిపోతున్నప్పుడే తేడా."

"ఏం తేడా?"

ఆయన క్లిప్పు నోరు తెరిచి చూపించాడు. "ఈ పక్క నుంచి వెలుతురు పంపుతుంది. వేలుని దాటుకుని ఆ పక్కకి ఎంత చేరిందో చూస్తుంది. మధ్యలో రక్తం ఎంత తాగేసిందో దాన్నిబట్టి లెక్కకడుతుంది. రక్తం ఒక్కటే తాగదుగా, చర్మం కూడా తాగుతుంది. నల్లటి చర్మం ఎక్కువ తాగుతుంది. దీన్ని తయారుచేసినవాళ్ళు ఎవరి వేళ్ళ మీద పెట్టి లెక్క సరిచూసుకున్నారో ఆ వేళ్ళకి సరిగ్గా వస్తుంది. మిగతావాళ్ళకి నాలుగైదు కలిపి చెప్పినా చెబుతుంది. ఒక్కోసారి ఇంకా ఎక్కువే."

"ఇది మీకెలా తెలుసు?"

"చదివాను. కొత్త సంగతేం కాదమ్మా, చాలా ఏళ్ళుగా రాస్తూనే ఉన్నారు."

"మరి చెప్పలేదే?"

ఆయన ఒక స్క్రూ తీసుకుని అది పట్టే రంధ్రం కోసం వెతికాడు. చివరికి అన్నాడు. "నన్నెవరూ అడగలేదు. పాడైందా అనే అడుగుతారు. పాడవలేదు. చేసినవాళ్ళు ఎలా చేశారో అలాగే పనిచేస్తోంది. గొడవంతా అదే."

ఆ సాయంత్రం ఇంట్లో భర్త కుట్టుమిషను ముందు కూర్చుని జేబులు కుడుతున్నాడు. ఆమె పక్కన కూర్చుని తన గోరు నొక్కి వదులుతోంది. తెల్లబడటం, మళ్ళీ రక్తం రావడం. నల్లటి వేలికి గులాబీ గోరు. ఎన్నోసారో తెలీదు.

"వేలికి ఏమైంది?" అన్నాడతను.

ఆమె చెప్పింది. మొదట్నుంచీ, నవ్వడంతో సహా. అతను కాలు తీసి మిషను ఆపాడు. మెడలో వేలాడుతున్న టేపు తీసి కాసేపు చేతికి చుట్టుకున్నాడు, విప్పాడు.

"నా టేపు పాతబడితే సాగుతుంది," అన్నాడు. "అప్పుడు అందరి చొక్కాలూ ఒకేలా తప్పొస్తాయి, అందరూ వచ్చి నన్ను తిడతారు. కొత్త టేపు కొంటాను. కొందరి ఒంటికే తప్పు చూపించే టేపు మాత్రం నేనెక్కడా చూడలేదు. అలాంటిది ఉంటే దర్జీకి తెలీనే తెలీదు. ఆ కొందరి ఒళ్ళే సరిగా లేదనుకుంటాడు."

*

మూడోరోజు ఆమెకి సెలవు. అయినా ఆస్పత్రికే వెళ్ళింది. రికార్డుల గదికి ఒకే కిటికీ. ఆ కిటికీ కింద బల్ల మీద రెండు నెలల ఫైళ్ళు పేర్చుకుని కూర్చుంది. ధమని రక్తం కాగితం ఎందులో ఉంటే అది పక్కకి తీసింది. దాని మీది టైము చూసి, అదే గంటకి ఛార్టులో మెషిన్ అంకె ఎంతుందో పెన్సిలుతో పక్కపక్కన రాసుకుంది. నలభై ఒక్క ఫైళ్ళు తేలాయి.

రాసుకున్నాక తెలిసింది అసలు చిక్కు. ఫైల్లో వయసుంది. ఎత్తుంది, బరువుంది. రక్తం గ్రూపుంది, ఏ మందు పడదో ఉంది. ఒంటి రంగు ఎక్కడా లేదు.

ముఖాలు గుర్తు తెచ్చుకోవడం ఒక్కటే దారి.

ఒక్కొక్క పేరు మీద వేలు పెట్టి కళ్ళు మూసుకుంది. దిండు కింద దువ్వెన దాచుకునే లారీ డ్రైవరు. నలుపు. ప్రతి పూటా మందు మింగేముందు దాని పేరు అడిగే టీచరమ్మ. తెలుపు. కాలు వేళ్ళు దుప్పటి బయట పెట్టుకుని పడుకునే ఇస్త్రీ మనిషి. నలుపు, అరికాళ్ళు తెల్లగా పగిలి ఉండేవి. వాళ్ళు కళ్ళ ముందుకి రాసాగారు. పిలిచినవాళ్ళే కాదు, వెనకాల మిగతావాళ్ళూ. ఒకరి దగ్గు వినిపించింది. ఒకాయన తాగేసి పక్కన పెట్టిన గ్లాసు కనిపించింది. మేస్త్రీ అన్న మాట ఇంకా ఎంతమంది అన్నారో, తను ఎంతమందికి తెర తిప్పి చూపించిందో ఎంత ఆలోచించినా లెక్కకి రావడం లేదు. కిటికీలోంచి పడే ఎండ బల్ల మీద నుంచి నేల మీదికి జారింది.

ఇరవై తొమ్మిది మంది ముఖాలు గుర్తొచ్చాయి. తెల్లటివాళ్ళు, చామనఛాయవాళ్ళు పదిహేడు మంది. వాళ్ళకి మెషిన్‌కీ రక్తానికీ ఒకటి, మహా అయితే రెండు తేడా. బాగా నల్లటివాళ్ళు పన్నెండు మంది. వాళ్ళలో తొమ్మిది మందికి మెషిన్ నాలుగు, అయిదు, ఎనిమిది దాకా ఎక్కువ చెప్పింది. ఆ తొమ్మిదిలో మేస్త్రీ కాక ఇంకో ముగ్గురు వార్డులోనే పోయారు. కింది అంతస్తుకి ఎవరూ పంపలేదు, తొంభై రెండుకి దిగలేదని.

ఒకావిడ మాత్రం ఎంతకీ గుర్తు రాలేదు. యాభై ఏళ్ళు, ఏడో నంబరు మంచం, నాలుగు రోజులుంది. మెషిన్‌కీ రక్తానికీ తొమ్మిది తేడా. నాలుగు రోజులు ఆవిడ మంచం పక్కనుంచి నడిచింది, మందులిచ్చింది, ఛార్టులో ఇరవై అని రాసింది. ముఖం లేదు. గుర్తొచ్చినవాళ్ళందరికన్నా ఆ రానావిడే ఆమెని ఇంటిదాకా వెంటాడింది.

*

పెద్ద డాక్టరు చెడ్డవాడేం కాదు. శనివారం పొద్దున్న ఆమె ఇచ్చిన కాగితం రెండుసార్లు చదివాడు. ఒకచోట కలం ఆపి కూడిక సరిచూశాడు.

"పన్నెండు మందితో ఏం తేలుతుంది సిస్టర్? పైగా రంగు మీ జ్ఞాపకం. ఎవరైనా అడిగితే ఏం చూపిస్తారు?"

"ఇప్పట్నుంచి రాద్దాం సర్. ఆయాసమన్న ప్రతి ఒక్కరికీ రక్తం తీసి చూద్దాం. అంకె ఎంతున్నా."

"ల్యాబు తట్టుకోలేదు." కళ్ళజోడు పైకి తోసుకుని ఆమె ముఖంలోకి చూశాడు. "చూడండి, ఈ మానిటర్ల వల్ల బతికినవాళ్ళు ఎంతమంది? మీ నాలుగో నంబరు గుమాస్తాగారు ఇవాళ నడిచి ఇంటికి వెళుతున్నారు. ఈ మాట బయటికి పోతే రేపు ఒక్కరూ వేలికి క్లిప్పు పెట్టనివ్వరు. అప్పుడు పోయే ప్రాణాలకి లెక్క ఎవరు రాస్తారు?"

అది నిజమే.

ఆయన సొరుగులోంచి ఒక ఫారం తీశాడు. "మీరు అలిసిపోయారు. వార్డులో పదకొండేళ్ళంటే మాటలా? ఓపీలో సీటు ఖాళీగా ఉంది. పొద్దున్న వచ్చి సాయంత్రం వెళ్ళడమే. సంతకం పెట్టివ్వండి, సోమవారం నుంచి మార్పిస్తాను. ఇది చర్య అనుకోకండి. మీ మంచికే. ఆ ఇంటివాళ్ళతో మాత్రం ఏమీ మాట్లాడకండి."

వరండాలోకి వచ్చేసరికి గుమాస్తా చక్రాల కుర్చీలో ఉన్నాడు, కొడుకు వెనక నిలబడి ఉన్నాడు. ఆమెని చూసి రెండు చేతులూ పట్టుకున్నాడు ముసలాయన. "మీరు సమయానికి పంపబట్టి దక్కానమ్మా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "పక్క మంచం మేస్త్రీ ఏ వార్డులో ఉన్నాడు? చెప్పి వెళదామని," అని అడిగాడు.

ఆమె చెప్పింది. ఆయన చేతులు అలాగే ఉంచాడు, పట్టు మాత్రం వదులైంది. "నాకన్నా బాగున్నాడు కదా," అన్నాడు అర్థంకానట్టు. "అంకె నాకన్నా బాగుంది కదా."

కౌంటరు దగ్గరికి వచ్చి ఆమె ఫారం మీద సంతకం పెట్టింది. రాత్రుళ్ళు నిద్రలో ఆ ఎర్ర వెలుతురు కనిపించని చోటు ఏదైనా సరే అనిపించింది. సోమవారానికి ఇంకా రెండు రోజులుంది. ఫారం మడిచి జేబులో పెట్టుకుంది, సాయంత్రం వెళుతూ ఇవ్వచ్చని.

*

మేస్త్రీ భార్య ఆ మధ్యాహ్నమే వచ్చింది. మరణ ధ్రువపత్రం కోసం, అతని సామాను కోసం. సామానంటే పెద్దగా ఏముంది? తారు మరకల చొక్కా ఒకటి, చెప్పులు, ఒక స్టీలు గ్లాసు. స్టోరు గదిలోంచి తెచ్చి ఇచ్చి, పట్టీలో వేలిముద్ర వేయించుకుంది సిస్టరు. ఆవిడ చొక్కా మడతవిప్పి, మళ్ళీ మడిచి సంచిలో పెట్టుకుంది. వెళ్ళలేదు.

"ఒక మాట అడగనా సిస్టరమ్మా?"

"అడగండి."

"ఆయన ఆ రోజు నాటకమాడారంటారా?"

వరండా బల్లల మీద రోగుల తాలూకు మనుషులు కూర్చుని ఉన్నారు. ఒకామె ఎవరికో కమలాపండు ఒలుస్తోంది.

"ఎందుకడుగుతున్నానంటే," ఆవిడ సంచి పిడి మెలితిప్పుతూ అంది, "మా అత్తగారు అడుగుతోంది, ఏమన్నాడే చివర్లో అని. ఏం చెప్పను? నేను తిట్టాను. నలుగురిలో తిట్టాను. గోడవైపు తిరిగిపోయారు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. నాటకమైతే నేను తిట్టడం న్యాయమే అనుకోవచ్చు. కానీ నాటకమాడే మనిషి చచ్చిపోడు కదమ్మా. అంకె బాగుంది. మనిషి చచ్చిపోయాడు. అయిదు రోజుల్నుంచి ఈ రెండూ కలవటం లేదు నాకు."

చెప్పకపోతే ఆవిడ ఈ రెండు మాటలూ మోసుకుంటూ మెట్లు దిగిపోతుంది. చెబితే ఏమవుతుందో సిస్టరుకి బాగా తెలుసు. అరుపులు, గుండెలు బాదుకోవడం, బల్లల మీదివాళ్ళు లేచి రావడం, కిందినుంచి వాచ్‌మన్. ఆవిడ తన జుట్టు పట్టుకున్నా తప్పులేదు. అదే జరగాలని లోపల ఎక్కడో ఎదురుచూస్తున్నట్టు కూడా ఉంది.

"నాటకం కాదు," అంది. "ఆయన చెప్పింది నిజం. మెషిన్ చెప్పిందే తప్పు."

నిలబడే చెప్పింది అంతా. వెలుతురు సంగతి, రంగు సంగతి, రెండూ ఇరవైకి వచ్చి ట్రేలో పడి ఉన్న కాగితం సంగతి. ఒకే మంచం ఉంటే తెర చూసి గుమాస్తాని పంపింది తనేనని చెప్పింది. తను అంకె చూపించకపోతే ఆవిడ తిట్టి ఉండేది కాదని, ఆ తిట్టుకి తను నవ్వడం ఇంకో తప్పని కూడా చెప్పింది.

ఆవిడ అరవలేదు. సంచి కింద పెట్టింది. రెండు చేతులూ బల్ల అంచుకి ఆనించి మెల్లగా కూర్చుంది. "అయితే అబద్ధమాడలేదు," అంది.

"లేదు."

"నిజంగానే ఊపిరి ఆడలేదు ఆయనకి."

"ఆడలేదు."

ఆవిడ తల పదేపదే ఊపింది, ఎవరో చాలా దూరం నుంచి చెబుతున్నదాన్ని ఒప్పుకుంటున్నట్టు. "అది రాసి ఇస్తారా?" అంది.

సిస్టరు ఒక్క క్షణం తటపటాయించింది. "కేసు పెట్టడానికైతే ఫైలు నకలు కూడా కావాలి. ఎలా అడగాలో నేను చెబుతాను."

"కేసు సంగతి నాకు తెలీదమ్మా. ముందు మా అత్తగారికి చదివించాలి. పిల్లలకి చదివించాలి. మా ఆయన పిరికివాడని, ఉత్త పుణ్యానికి ఏడ్చాడని నా నోటితోనే ఇంట్లో చెప్పాను. ఆ మాట నేను వెనక్కి తీసుకుంటే సరిపోదు. ఆస్పత్రి మాటగా ఉండాలి."

కౌంటరు దగ్గర తెల్లకాగితం తీసి, కింద కార్బను, దాని కింద ఇంకో కాగితం పెట్టింది. ఒకటి ఆవిడకి, ఒకటి ఫైలుకి. ఫైల్లో ఒకసారి చేరిన కాగితం పెద్ద డాక్టరు కూడా తియ్యలేడు. చిన్న సిస్టరు పక్కనుంచి చూసి, "అక్కా, మీకేం పిచ్చా!" అని గుసగుసగా అంది. ఆమె రాస్తూనే ఉంది. పేరు, వయసు, మంచం నంబరు. ఒకచోట కలం ఆగింది. ఊపిరులు లెక్కపెట్టకుండానే ఇరవై అని రాశాను అని కూడా రాసి, సంతకం పెట్టి, కింద ముద్ర వేసింది.

"నాకు చదవడం రాదు. మీరే చదవండి," అంది ఆవిడ. "కొంచెం గట్టిగా."

వరండాలో నిలబడి సిస్టరు చదివింది. "పగలు ఒంటిగంట దాటాక, మూడింటికి, నాలుగున్నరకి, అయిదున్నరకి, మొత్తం నాలుగుసార్లు తనకి ఊపిరి ఆడటం లేదని ఆయన చెప్పారు. ఆయన చెప్పినది నిజం. ఆయన రక్తంలో ఆక్సిజన్ ఎనభై ఆరు మాత్రమే ఉంది. మెషిన్ తొంభై నాలుగని చూపించింది. నేను ఆయన్ని నమ్మకుండా మెషిన్ని నమ్మాను. ఆయన భార్య కూడా నా మాట వల్లే నమ్మలేదు. ఇందులో ఆవిడ తప్పు లేదు..."

కమలాపండు ఒలిచే ఆమె చెయ్యి ఆగిపోయింది. బల్లల మీద ఎవరూ కదలడం లేదు.

"ఇంకోసారి చదవండి."

చదివింది.

"ఆయన చెప్పినది నిజం అన్నారే, ఆ ముక్క దగ్గర్నుంచి."

మూడోసారి మధ్యలో ఆగింది. ఆవిడ తొందరపెట్టలేదు. ఎదురు చూసింది. చదవడం పూర్తయ్యాక కాగితం అందుకుని, తడి తగలకుండా చొక్కా మడతల మధ్య పెట్టింది. కళ్ళు తుడుచుకుని లేచింది. వచ్చినప్పటికన్నా నిటారుగా నిలబడింది.

"ఇవాళ మీ మీద కోపం రావటం లేదమ్మా," అంది. "ఎందుకో తెలీదు. ఇంటికెళ్ళాక వస్తుందేమో. నెల పోయాక వస్తుందేమో. వచ్చినప్పుడు మాత్రం ఇక్కడికే వస్తాను, మీ దగ్గరికే. మీరు ఇక్కడే ఉంటారా?"

సిస్టరు చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. లోపల మడిచిన ఫారం బట్ట మీంచి తగిలింది.

"ఉంటాను," అంది. "ఈ వార్డులోనే."

ఆవిడ తలూపి, సంచి భుజానికి తగిలించుకుని మెట్ల వైపు నడిచింది.